కోడలి గదికి తాళం ఎవరిది?
ఇరాన్ టెలివిజన్ నాటకం 'పిదర్‌సాలార్', షరీఅత్‌లో నివాస హక్కు

ఇరాన్‌లో 1990ల మధ్యకాలంలో ప్రభుత్వ టెలివిజన్ సంస్థ 'సెదా వ సీమా' ఒక ధారావాహిక నాటకాన్ని ప్రసారం చేసింది. అందులో యుద్ధాలు లేవు, రాజుల కథ లేదు, హత్యలు లేవు. ఒక పెద్ద ఇల్లు, ఒక తండ్రి, ఆయన కొడుకులు, కోడళ్ళు, మనుమలు మాత్రమే ఉన్నారు. పెళ్ళయిన చిన్న కొడుకు భార్యతో ఎక్కడ కాపురం ఉండాలి అనే ఒక్క ప్రశ్న మీద ఆ కథ అంతా నడిచింది. అక్బర్ ఖాజూయీ దర్శకత్వం వహించిన ఆ నాటకం ఇరాన్‌లో నేటికీ జనం చెప్పుకునే ధారావాహికల్లో ఒకటి. దాని పేరు 'పిదర్‌సాలార్'.

ఈ పేరును జహీరాబాద్ పాఠకులకు విడమరచి చెప్పవలసిన పని అంతగా లేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో కన్నడం కూడా వినిపించే ఊరు ఇది. పిదర్ అంటే తండ్రి. సాలార్ అంటే దళానికి పెద్ద, సేనాని. సాలార్ జంగ్ పేరులో హైదరాబాదు వారంతా ఆ మాటను రోజూ పలుకుతూనే ఉన్నారు. రెండూ కలిస్తే ఇంటికి సేనానిగా నిలిచిన తండ్రి అని అర్థం. ఫార్సీలో తండ్రి పెత్తనం మీద నడిచే సమాజ వ్యవస్థకే 'పిదర్‌సాలారీ' అని పేరు. కాబట్టి నాటకానికి ఆ పేరు పెట్టడంలోనే ఒక ప్రశ్న ఉంది.

ఇరాన్ ఇంటి గొడవ మనకెందుకు అని అనిపించవచ్చు. జహీరాబాద్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు వెళితే బీదర్ వస్తుంది. అక్కడ గీలాన్ ప్రాంతం నుంచి వచ్చిన మహమూద్ గవాన్ 1472లో పూర్తి చేసిన మద్రసా శిథిలమై కూడా నిలిచి ఉంది. దగ్గరలోని అష్టూరు వైపు కిర్మాన్ నుంచి వచ్చిన ఖలీలుల్లాహ్ గారి చౌఖండీ ఉంది. మన ఇళ్ళలో పెళ్ళికి, వంటకు, కొలువుకు, దస్తావేజుకు వాడే మాటల్లో సగం ఫార్సీవే. అయితే ఈ నాటకం మనకు దగ్గర కావడానికి కారణం భాష ఒక్కటే కాదు. అందులోని ఇల్లు మన ఇల్లు లాగే ఉంది.

కథలోని తండ్రి అసదుల్లాహ్. కొడుకులందరూ పెళ్ళిళ్ళయిన తరువాత కూడా తన ఇంట్లోనే, తన మాట మీదనే ఉండాలన్నది ఆయన నియమం. పెద్ద కోడళ్ళు ఆ నియమానికి సర్దుకొని బ్రతుకుతున్నారు. చిన్న కొడుకు పెళ్ళి చేసుకున్న అమ్మాయి ఆజర్ మాత్రం సర్దుకోదు. ఆమె దొంగతనం చేయలేదు, అత్తను అవమానించాలని రాలేదు. తన సంసారం తనకు వేరుగా కావాలని అడిగింది. ఆ ఒక్క మాటతో అంతవరకు మౌనంగా ఉన్న ఇల్లంతా కదిలిపోతుంది. పెద్ద కొడుకుల మనసుల్లో, పెద్ద కోడళ్ళ మనసుల్లో ఏళ్ళ తరబడి అణిగి ఉన్న మాటలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి.

తండ్రి పాత్ర ధరించిన ముహమ్మద్ అలీ కిషావర్జ్ ఇరాన్ రంగస్థలంలోను, సినిమాల్లోను పేరెన్నికగన్న నటుడు. 2020 జూన్‌లో మరణించారు. తల్లి పాత్రలో హమీదా ఖైరాబాదీ, ఆజర్ పాత్రలో కమంద్ అమీర్‌సులైమానీ నటించారు. కిషావర్జ్ ఆ తండ్రిని దుర్మార్గుడిగా చూపలేదు. పిల్లలను కష్టపడి పెంచి, వారి మీద ప్రేమను అధికారం రూపంలో తప్ప మరో రూపంలో చూపడం చేతగాని పెద్దమనిషిగా చూపారు. అందుకే ఆయన కోపగించినప్పుడు కూడా చూసేవారికి జాలి కలుగుతుంది. 'ఈయన మా అబ్బాజానే' అని అనిపిస్తుంది. నాటకం బలమంతా అక్కడే ఉంది. ఒకవైపు చెడ్డవారిని, మరోవైపు మంచివారిని నిలబెట్టి తీర్పు చెప్పే నాటకమైతే అది ఆరు నెలల్లో మరుపున పడేది.

ఇక అసలు విషయం. ఆజర్ అడిగినది న్యాయమా, అన్యాయమా? మన ప్రాంతంలో ఏ ఇంట్లో ఇలా జరిగినా మొదట వినిపించే మాట ఒకటే: 'కోడలు వేరు కాపురం పెట్టించింది, కొడుకును తల్లిదండ్రుల నుంచి విడదీసింది.' ఆ మాటకు వెనుక షరీఅత్ ఉన్నదని చాలామంది నమ్మకం. నిజానికి షరీఅత్ అక్కడ లేదు.

ఫిఖహ్ గ్రంథాలు ఏమి చెబుతున్నాయి?

భార్యకు భర్త ఇవ్వవలసిన నఫఖాలో మూడు అంశాలు ఉన్నాయి: ఆహారం, వస్త్రం, నివాసం. నివాసాన్ని అరబ్బీలో 'సుక్నా' అంటారు. దివ్య ఖుర్ఆన్ 65వ సూరా 6వ ఆయత్ ఇద్దత్‌లో ఉన్న స్త్రీని గురించి చెబుతూ, భర్త తన స్తోమత కొద్దీ తాను ఉండే చోట ఆమెకు నివాసం కల్పించాలని, ఆమెను ఇరుకున పెట్టి బాధించరాదని ఆదేశించింది. విడిపోతున్న భార్యకే ఈ హక్కు ఉంటే కాపురంలో ఉన్న భార్యకు మరింత దృఢంగా ఉంటుందన్నది ధర్మవేత్తల వాదన.

హనఫీ మజ్‌హబ్‌లో ప్రామాణికమైన 'హిదాయా' కర్త ఇమామ్ మర్గీనానీ (మరణం హి. 593, క్రీ.శ. 1197) ఈ విషయాన్ని నఫఖా అధ్యాయంలోనే తేల్చారు. భర్త తన బంధువులెవరూ లేని వేరు నివాసంలో భార్యను ఉంచాలి. ఆమె తన ఇష్టంతో వారితో కలిసి ఉంటానంటే అది వేరే సంగతి. కారణం కూడా చెప్పారు: ఇతరులతో పంచుకొన్న ఇంట్లో ఆమె సామాను మీద ఆమెకు నిశ్చింత ఉండదు, భర్తతో స్వేచ్ఛగా మెలగడానికీ అడ్డంకి. ఆయనకు సమకాలికుడైన ఇమామ్ కాసానీ (మరణం హి. 587) మరింత స్పష్టంగా రాశారు. సవతితోనో, అత్తతోనో, ఆడబిడ్డతోనో కలిసి ఉండడానికి భార్య ఒప్పుకోకపోతే ఆమెను వేరుగా ఉంచడం భర్తకు తప్పదు. ఆమె ఒప్పుకోకపోవడమే అక్కడ బాధ ఉన్నదనడానికి సూచన అని ఆయన అభిప్రాయం.

ఇదేదో మన పల్లెలకు అందని అరబ్బీ గ్రంథాల మాట అనుకోనక్కరలేదు. మన ఇళ్ళలో పెళ్ళికూతురి జహేజ్‌తో పాటు ఇచ్చే 'బహిష్తీ జేవర్'లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఇదే మస్అలాను తేలిక ఉర్దూలో రాసి పెట్టారు. పెట్టెలో పట్టుచీరల కింద ఆ పుస్తకం ఉంటుంది. అది పంపిన తల్లిదండ్రులుగాని, అందుకున్న అత్తమామలుగాని ఆ పేజీ తెరవడం మాత్రం అరుదు.

అయితే వేరు నివాసం అంటే వేరు బంగళా అని అర్థం కాదు. హిదాయా చెప్పిన కొలత చాలా సాదాసీదా అయినది. పెద్ద ఇంట్లోనే ఒక గదిని ఆమెకు ప్రత్యేకించి, దానికి వేరుగా గడియ, తాళం ఉంటే చాలును. ఆ తాళం ఆమె చేతిలో ఉండాలన్నదే ముఖ్యం. దమస్కస్ నగరానికి చెందిన ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836) కాలానికి వచ్చేసరికి ఆ కొలత కొంత పెరిగింది. గదితో పాటు మరుగుదొడ్డి, వంటచోటు కూడా వేరుగా ఉండాలని, సంపన్నుల ఇంటి స్త్రీకి పూర్తిగా వేరు ఇల్లు, మధ్యతరగతి స్త్రీకి ఇంటిలో వేరు భాగం తగినవని, దేశకాలాలను బట్టి ఇది మారుతుందని ఆయన వివరించారు. ఇది ఒకవైపు హక్కు కూడా కాదు. భర్త అనుమతి లేకుండా భార్య తన బంధువులను ఆ నివాసంలో స్థిరంగా ఉంచుకోజాలదు. వారు వచ్చి చూసి మాట్లాడిపోవడాన్ని మాత్రం భర్త ఆపరాదు.

హైదరాబాదు-ముంబయి రహదారి మీద ఉన్న జహీరాబాద్ లాంటి పట్టణంలో మూడు గదుల ఇంట్లో నలుగురు కొడుకుల సంసారాలు నడిచే చోట ఈ కొలతను ఊహించి చూడాలి. పగలు హాలుగా, రాత్రి కొత్త దంపతుల పడకగదిగా మారే గదికి తాళం ఎవరిది? మరిది ఎప్పుడైనా తలుపు తోసుకొని రావచ్చునా? భర్త తరఫు మగ బంధువులు స్త్రీల దగ్గరికి ఏకాంతంలో వెళ్ళడాన్ని దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. బురఖా గురించి గట్టిగా పట్టుబట్టే ఇళ్ళలోనే ఈ హదీసు గుర్తుకు రాకపోవడం వింత. వీధిలో పర్దా, ఇంట్లో గుంపు!

దైవప్రవక్త (స) పవిత్ర సతీమణులకు మస్జిదె నబవీ చుట్టూ వేర్వేరు హుజ్రాలు ఉండేవి. అవి చిన్నవి, నిరాడంబరమైనవి. కాని ఎవరి హుజ్రా వారిది. హజ్రత్ ఫాతిమా (ర) వివాహానంతరం హజ్రత్ అలీ (ర)తో వేరు ఇంట్లో కాపురం ఉన్నారు. 24వ సూరా 61వ ఆయత్‌లో తండ్రుల ఇళ్ళు, తల్లుల ఇళ్ళు, సోదరుల ఇళ్ళు, సోదరీమణుల ఇళ్ళు అని వేర్వేరుగా పేర్కొని, అక్కడ భోజనం చేయడంలో దోషం లేదని చెప్పబడింది. ఇళ్ళు వేరు, భోజనానికి అడ్డు లేదు: అక్కడ కనిపించే కుటుంబ చిత్రం ఇది.

ఇక్కడ మాటల సంగతి ఒకటి చెప్పుకోవాలి. తెలుగులో 'వేరు కాపురం' అన్నా, 'వేరు పడ్డారు' అన్నా చీలిక, తగవు అనే వాసన వస్తుంది. అరబ్బీ 'సుక్నా'లో ఆ వాసన లేదు. అది 'సకీనత్' అనే మాటకు తోబుట్టువు. రెండింటికీ ధాతువు ఒకటే. భార్యాభర్తల సంబంధాన్ని వర్ణించిన 30వ సూరా 21వ ఆయత్‌లో కూడా అదే ధాతువు ఉంది. ఫిఖహ్ మస్అలాను తెలుగులో 'వేరు కాపురం' అని అనువదించగానే కోడలు ముద్దాయిగా నిలబడుతుంది. 'నివాస హక్కు' అంటే ఆమె హక్కుదారుగా నిలబడుతుంది. మస్అలా మాత్రం అదే.

తల్లిదండ్రుల మాటేమిటి?

నాటకంలోని అసదుల్లాహ్ తరఫున వినిపించగల గట్టి వాదన ఇది: తల్లిదండ్రుల పట్ల విసుగు మాట కూడా పలకవద్దని 17వ సూరా చెప్పలేదా? చెప్పింది. కాని ఆ ఆదేశం ఎవరికి? కొడుక్కు, కూతురుకు. కోడలికి కాదు. పేదవారైన తల్లిదండ్రుల పోషణ సంతానం బాధ్యత. హనఫీ మజ్‌హబ్‌లో ప్రామాణికమైన అభిప్రాయం ప్రకారం అందులో కొడుకు, కూతురు సమానంగా బాధ్యులు. అత్తమామలకు సేవ చేయడం కోడలికి పుణ్యకార్యం, సద్గుణం. ఆమె మీద రుణం కాదు. మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి తలక్రిందులు. కొడుకు దుబాయిలోనో, జిద్దాలోనో ఉంటాడు, కూతురు అత్తవారింట్లో ఉంటుంది. వీరిద్దరి బాధ్యత మొత్తం ఏ బాధ్యతా లేని మూడో మనిషి మీద పడుతుంది. ఆమె చేస్తే అది మామూలు, చేయకపోతే నేరం.

ఇరాన్ కళాకారులు ఈ రెండో వైపును కూడా వదలలేదు. అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఒక ఎడబాటు' సినిమా 2012లో ఆస్కార్ బహుమతి పొందింది. అందులో తండ్రికి పెత్తనం లేదు, మతిమరుపు వ్యాధి ఉంది. భార్య దేశం విడిచి వెళదామంటుంది, భర్త తండ్రిని విడిచి రాలేనంటాడు. 'పిదర్‌సాలార్'లో తండ్రి బలం వల్ల కాపురానికి చిక్కు వచ్చింది. ఇందులో తండ్రి బలహీనత వల్ల వచ్చింది. రెండింటినీ కలిపి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. భార్య హక్కును, తల్లిదండ్రుల హక్కును ఒకదానికి ఒకటి పోటీగా నిలబెట్టినవాడు వాటిలో ఏదీ సరిగా తీర్చలేడు. రెండు హక్కులకూ బాకీదారు ఒక్కడే, కొడుకు.

ఉమ్మడి సంపాదన చిక్కు

నివాసం కంటే కఠినమైన తగవు డబ్బు దగ్గర మొదలవుతుంది. హిందూ ధర్మశాస్త్రంలోని మితాక్షర పద్ధతిలో ఉమ్మడి కుటుంబానికి చట్టబద్ధమైన రూపం ఉంది. వారసుడికి పుట్టుకతోనే ఆస్తిలో హక్కు వస్తుంది. ముస్లిం ధర్మశాస్త్రంలో అలాంటిది లేదు. తండ్రి బ్రతికినంత కాలం ఆయన ఆస్తి ఆయనదే, కొడుకు సంపాదన కొడుకుదే. భారతదేశపు న్యాయస్థానాలు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తూ వచ్చాయి. అయినా తెలుగు నేల మీద వందల ఏళ్ళుగా కలిసి బ్రతకడం వల్ల ముస్లిం ఇళ్ళు కూడా ఉమ్మడిగానే నడుస్తాయి. చట్టం లేని ఉమ్మడి అది. అందుకే అది విరిగినప్పుడు అతికించే సూత్రం దొరకదు.

'నీవూ, నీ ధనమూ నీ తండ్రివే' అనే భావం గల హదీసును పెద్దలు తరచు ఉదహరిస్తారు. తండ్రి అవసరంలో ఉన్నప్పుడు కొడుకు ధనం నుంచి వాడుకోవచ్చునని హనఫీ ధర్మవేత్తలు దానికి భావం చెప్పారు. యాజమాన్యం తండ్రిదని కాదు. కొడుకు చనిపోతే సంతానం ఉన్న పక్షంలో అతని ఆస్తిలో తండ్రికి 6వ వంతు అని ఖుర్ఆన్ నిర్ణయించింది. ఆస్తి అంతా ముందే తండ్రిదైతే ఈ 6వ వంతుకు అర్థమేముంది?

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది దుకాణదారుల కుటుంబాలకు ముఖ్యం. కొడుకు తండ్రి పోషణలోనే ఉంటూ, తండ్రి వ్యాపారంలోనే, తనదంటూ పెట్టుబడి లేకుండా పనిచేస్తే ఆ సంపాదన తండ్రిది. కొడుకు సహాయకుడి కింద లెక్క. ఇబ్న్ ఆబిదీన్ దీనిని స్పష్టంగా రాశారు. ఇరవై ఏళ్ళు తండ్రి కొట్టులో కూర్చున్న పెద్ద కొడుకు 'ఇదంతా నేను పెంచినదే' అంటే షరీఅత్‌లో ఆ మాట ఒక్కటే చెల్లదు. జీతమో, వాటాయో ముందే మాట్లాడుకొని ఉండవలసింది.

గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇంటి సంగతి మరీ బాధాకరం. ఒక ఉదాహరణ తీసుకుందాం. తండ్రి పేర స్థలం, పెద్ద కొడుకు పదిహేనేళ్ళు పంపిన డబ్బుతో దాని మీద ఇల్లు. ఆ డబ్బు అప్పు అని గాని, తన భాగమని గాని ఎక్కడా రాసుకోలేదు. తండ్రి మరణించాడు, భార్య, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఇల్లు తండ్రి తర్కా కింద వస్తే దానిని 64 భాగాలు చేయాలి. భార్యకు 8, ఒక్కొక్క కొడుక్కు 14, ఒక్కొక్క కూతురుకు 7. డబ్బు పంపిన కొడుక్కూ 14 భాగాలే, ఒక్క రూపాయి పంపని తమ్ముడికీ 14 భాగాలే. అప్పుడు ఆ కొడుకు ఏం చేస్తాడు? తమ్ముళ్ళతో తగవు పడలేక చెల్లెళ్ళ 7 భాగాలను ఎగవేయడానికి చూస్తాడు. 'పెళ్ళికి ఖర్చు పెట్టాము కదా' అంటాడు. జహేజ్ వేరు, వారసత్వం వేరు అని తెలిసినవారు కూడా ఆ రోజు మౌనం వహిస్తారు. తండ్రి బ్రతికి ఉండగానే ఆ డబ్బును అప్పుగా రాసుకొని ఉంటే, లేక తండ్రి ఆ భాగాన్ని హిబా చేసి స్వాధీనం కూడా అప్పగించి ఉంటే ఈ పాపం తప్పేది. హిబాలో స్వాధీనం లేనిదే దానం పూర్తి కాదన్న సంగతి కూడా చాలామంది మరచిపోతారు.

చట్టాలు, షరతులు

ఇరాన్ పౌరచట్టం జాఫరీ ఫిఖహ్ ఆధారంగా రాసినది. అందులో 1107వ అధికరణం భార్య స్థాయికి తగిన నివాసాన్ని నఫఖాలో చేర్చింది. 1105వ అధికరణం కుటుంబ నాయకత్వం భర్తకు ఇచ్చింది. గమనించాలి, భర్తకు, భర్త తండ్రికి కాదు. 1114వ అధికరణం ప్రకారం భర్త నిర్ణయించిన ఇంట్లో భార్య ఉండాలి, నివాసాన్ని ఎంచుకునే అధికారం నికాహ్‌లో ఆమెకు ఇచ్చి ఉంటే తప్ప. కలిసి ఉండటం వల్ల దేహానికో, ధనానికో, గౌరవానికో హాని భయం ఉంటే ఆమె వేరు నివాసం ఎంచుకోవచ్చునని 1115వ అధికరణం చెబుతుంది. కాబట్టి నాటకంలోని తండ్రి పెత్తనం ఆ దేశపు చట్టం ఇచ్చినది కాదు, ఆచారం ఇచ్చినది. ఆ ఆచారం అప్పటికే సడలుతున్నది. యుద్ధానంతర ఇరాన్‌లో నగరాలు పెరిగాయి, అపార్టుమెంట్లు వచ్చాయి. 1980ల ఆరంభంలో స్త్రీకి సగటున ఆరుకు పైగా ఉన్న సంతానం 2000 నాటికి సుమారు రెండుకు దిగింది. అంతమంది కొడుకులను ఒక్క ఇంట్లో కూడబెట్టే తండ్రి ఇక ఉండబోడని ప్రేక్షకులకు తెలుసు. ఆ బెంగ కూడా నాటకాన్ని అంత దగ్గర చేసి ఉండవచ్చు.

మన దేశంలో 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల స్త్రీలకు వర్తిస్తుంది. కాపురం చేసిన ఇంటి నుంచి చట్టబద్ధంగా తప్ప ఆమెను గెంటివేయరాదు. ఆ ఇల్లు మామగారి పేర ఉన్నా ఈ రక్షణ వర్తించవచ్చునని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహూజా కేసులో తీర్పు చెప్పింది. వేరు వసతి చూపమని లేదా అద్దె చెల్లించమని భర్తను ఆదేశించే అధికారం కూడా న్యాయాధికారికి ఉంది. తల్లిదండ్రుల వైపు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం నిలబడింది. ఇవన్నీ తగవు ముదిరి పోలీసు స్టేషను గడప తొక్కిన తరువాత పనికి వచ్చేవి. కాపురం మొదలయ్యే రోజున పనికి వచ్చేది నికాహ్‌నామా.

నికాహ్ సమయంలో నివాసం గురించి షరతు పెట్టుకోవచ్చునా? పెట్టుకోవచ్చును. హంబలీ మజ్‌హబ్‌లో అలాంటి షరతు భర్తను కట్టిపడేస్తుంది. తప్పితే భార్య నికాహ్ రద్దు కోరవచ్చు. హనఫీ మజ్‌హబ్‌లో షరతు తప్పినంత మాత్రాన నికాహ్ చెడదు గాని దాని ప్రభావం మహర్ మీద పడుతుంది. తన ఊరి నుంచి తీసుకువెళ్ళనని షరతు పెట్టి తక్కువ మహర్‌కు పెళ్ళి చేసుకొని, ఆ మాట తప్పిన భర్త ఆమె కుటుంబ స్త్రీల స్థాయికి తగిన మహర్ మిస్ల్ చెల్లించవలసి వస్తుందని హిదాయా చర్చించింది. భారతీయ న్యాయస్థానాలు కూడా ధర్మవిరుద్ధం కాని సహేతుకమైన షరతులను గౌరవించాయి.

మన ఖాజీ సాహెబుల సియాహాలో వరుడి పేరు, వధువు పేరు, వకీలు, ఇద్దరు సాక్షులు, మహర్ మొత్తం రాస్తారు. పెళ్ళి పందిట్లో మహర్ గురించి గంట సేపు బేరం జరుగుతుంది, ఫర్నిచరు లెక్క ముందు రోజే తేలిపోతుంది. అమ్మాయి ఏ గదిలో ఉంటుంది, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వంట వేరా కలిసా, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఎవరి పేరున పడుతుంది అనే నాలుగు మాటలు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే సంబంధం తప్పిపోతుందని ఆడపిల్ల తండ్రి భయం, తప్పుడు ఉద్దేశం ఉన్నదని మగపెళ్ళివారి అనుమానం. ఆ నాలుగు మాటలను సియాహా కింద ఒక పంక్తిగా రాసి ఇరువైపులా సంతకాలు చేయించడానికి ఖాజీకి అదనంగా పట్టే సమయం ఐదు నిమిషాలు.